లారీ ఆటలో పొగ: వాస్తవికత ప్రశ్న

'వాస్తవికత' అనే మాట చుట్టూ మన సాహిత్యంలో జరిగినంత తగాదా మరే మాట చుట్టూ జరగలేదు. ఉన్నదున్నట్టు రాయడమే వాస్తవికతా, లేక ఉన్నదాని వెనకనున్న సంబంధాలను పట్టుకోవడమా అని రెండు మూడు తరాల విమర్శకులు వాదించుకున్నారు. ఆ వాదం తెమలకముందే ఆ మాటను మనకంటే ధారాళంగా వాడేవాళ్లు మరోచోట తయారయ్యారు. వాళ్లు కథకులు కారు, నవలాకారులు కారు. కంప్యూటరు మీదా, చేతిలోని ఫోను మీదా ఆడే లారీ ఆటలను తయారుచేసేవాళ్లూ, ఆ ఆటలకు మెరుగులు దిద్దే అభిమానులూ. 'రియలిస్టిక్' అన్నది వాళ్ల దగ్గర అన్నిటికంటే పెద్ద పొగడ్త. రియలిస్టిక్ వాన, రియలిస్టిక్ బురద, రియలిస్టిక్ హారన్. వీటన్నిటిలోకీ చిత్రమైనది రియలిస్టిక్ డీజిల్ పొగ.

సాహిత్య పత్రికలో ఆటల గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. మన విద్యార్థులు ఏడాదికొక నవల చదివితే గొప్ప. ఈ ఆటల ముందు మాత్రం రాత్రుళ్లు కూర్చుంటున్నారు. ఏది 'నిజంలా ఉంది', ఏది 'నిజంలా లేదు' అని తీర్పు చెప్పడం వాళ్లు ఇక్కడే నేర్చుకుంటున్నారు. రేపు మన కథలను చదివేదీ, రాసేదీ ఆ కళ్లతోనే. కాబట్టి ఇది విమర్శకుడు ముఖం తిప్పుకోవలసిన విషయం కాదు.

తెలియనివాళ్లకోసం నాలుగు ముక్కలు. చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌లో ఉన్న ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ 2012 అక్టోబరులో 'యూరో ట్రక్ సిమ్యులేటర్-2' అనే ఆటను విడుదల చేసింది. అందులో తుపాకులు లేవు, పరుగుపందేలు లేవు. ఒక ఊళ్లో సరుకు తగిలించుకుని యూరప్ రోడ్లమీద గంటల తరబడి నడిపి మరో ఊళ్లో దించాలి. ఇంత సాదా పని లక్షలమందిని కట్టిపడేయడం ఆలోచించదగ్గ విషయమే. అదే సంస్థ 2016లో అమెరికా రోడ్లతో ఇంకొక ఆట తెచ్చింది. బురదదారుల్లో బండిని ఈడ్చుకుపోయే 'స్పిన్‌టైర్స్' 2014లో వచ్చింది. దాని సంతతికి చెందిన 'స్నోరన్నర్' 2020లో వచ్చింది. ఫోను మీద ఆడే 'బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా' 2017 నాటిది. మన కుర్రాళ్లు ఆ ఇండోనేషియా ఆటలోకి మన బస్సులనూ, మన లారీలనూ చొప్పించుకుని ఆడుతున్నారు. ఇలా అభిమానులు తయారుచేసి అసలు ఆటలోకి చొప్పించే ముక్కను 'మాడ్' అంటారు. కొత్త బండికి మాడ్ ఉన్నట్టే పొగకూ మాడ్ ఉంది. అసలు ఆటలో ఉన్న పొగ చాలనివాళ్లు, తమకు నచ్చినంత చిక్కగా, నచ్చినంత నల్లగా పొగను తయారుచేసి పంచుకుంటారు.

ఆ తయారీలోని శ్రద్ధను తక్కువచేసి మాట్లాడడం అన్యాయం. బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు పొగ పల్చగా, తడబడుతూ వస్తుంది. యాక్సిలేటర్ తొక్కగానే ఒక్కసారి గుప్పుమంటుంది. గేరు మార్చేటప్పుడు క్షణకాలం తెగి, మళ్లీ అందుకుంటుంది. చాలామంది ఇదంతా పైసా ఆశించకుండా, ఉద్యోగాల మధ్య, చదువుల మధ్య దొరికిన సమయంలో చేస్తారు. పరిశీలన ఉంది, ఓపిక ఉంది, పంచుకునే గుణం ఉంది. మన కథకుల్లో ఎందరికి ఈ మూడూ కలిసి ఉన్నాయో చెప్పడం కష్టం.

అయినా ఆ పొగ వాస్తవికం కాదు. సిద్ధాంతాల దాకా వెళ్లకముందే, మామూలు మెకానిక్కు లెక్కలోనే అది తేలిపోతుంది.

డీజిల్ ఇంజనులో నల్లపొగ అంటే పూర్తిగా కాలని ఇంధనం. సిలిండరులోకి వచ్చిన గాలికి సరిపోయేదానికంటే ఎక్కువ డీజిల్ పడితే, ఎక్కువైనది మసిగా మారి బయటికి వస్తుంది. యాక్సిలేటర్ ఒక్కసారిగా తొక్కితే డీజిల్ వెంటనే పెరుగుతుంది గాని, టర్బో వేగం పుంజుకుని గాలిని పెంచడానికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధిలో వచ్చేదే మనం ఎత్తుదారుల్లో చూసే నల్లటి మేఘం. తెల్లపొగ వేరు, చల్లబడ్డ ఇంజను తెల్లవారుజామున స్టార్ట్ అయినప్పుడు కాలకుండానే ఆవిరైపోయిన డీజిల్ అది. నీలిపొగ వస్తే ఇంజనాయిలు కాలిపోతోందని అర్థం. వైద్యుడు నాడి చూసినట్టు మెకానిక్కు పొగ రంగు చూస్తాడు. అంటే పొగ బండి ఆరోగ్యానికి కాదు, అనారోగ్యానికి గుర్తు.

ఇక కొత్త బండ్ల సంగతి. యూరప్‌లో 2014 నుంచి రిజిస్టరయ్యే కొత్త లారీలన్నీ యూరో-6 ప్రమాణానికి లోబడాలి. మన దేశంలో దానికి సమానమైన భారత్ స్టేజ్-6 ప్రమాణం 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ బండ్లలో పొగ బయటికి పోయే దారిలోనే మసిని పట్టి ఆపే జల్లెడలాంటి ఫిల్టరు ఉంటుంది. అది సరిగా పనిచేస్తున్నంతకాలం కంటికి కనిపించే పొగ రాదు. అమెరికాలో 2007 ప్రమాణాలతోనే పెద్ద లారీలకు ఈ ఫిల్టరు వచ్చేసింది. మరి మన అభిమాని ఏం చేస్తున్నాడు? ఆటలో ఉన్న స్కానియా, వోల్వో కొత్త మోడళ్లకు, పుట్టినప్పటి నుంచీ నల్లపొగ ఎరగని బండ్లకు, పాతకాలపు పొగను తగిలించి 'రియలిస్టిక్' అని పేరు పెడుతున్నాడు. అతను చూపిస్తున్నది ఆ బండి నిజం కాదు. లారీ అంటే ఇలా ఉండాలని తన మనసులో స్థిరపడిన బొమ్మ. ఆ బొమ్మ సినిమాల్లోంచి వచ్చి ఉండవచ్చు, చిన్నప్పుడు రోడ్డు పక్కన నిలబడి చూసిన బండ్లలోంచి వచ్చి ఉండవచ్చు. అతనికది నిజమనే అనిపిస్తుంది. అనిపించడానికీ, ఉండడానికీ మధ్య ఉన్న దూరమే మన చర్చనీయాంశం.

మన తర్కశాస్త్రం చదివినవాళ్లకు పొగ పాత స్నేహితుడు. కొండమీద పొగ చూసి అక్కడ నిప్పుందని ఊహించడం అనుమాన ప్రమాణానికి తరతరాలుగా చెబుతున్న ఉదాహరణ. అయితే ఆ పాఠంలో రెండో సగం మనకు అంతగా గుర్తుండదు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది గాని, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదని కూడా ఆ శాస్త్రమే చెప్పింది. ఎర్రగా కాలిన ఇనపగుండు నిప్పే, పొగ రాదు. పొగ రావాలంటే నిప్పుతోపాటు తడికట్టె ఉండాలి. దాన్నే 'ఉపాధి' అన్నారు. డీజిల్ విషయంలో ఆ తడికట్టె గాలి చాలకపోవడం. పొగ మాడ్ చేసే అభిమాని ఈ ఉపాధిని మరిచిపోయాడు. ఇంజనులో బలముంటే, అంటే నిప్పుంటే, పొగ ఉండి తీరాలనుకున్నాడు. బలానికి పొగను జెండాగా ఎగరేశాడు.

దీన్ని నేను 'స్వభావోక్తి' అంటాను. మన అలంకారికులు ఎంత తెలివైనవాళ్లో ఇక్కడ గమనించాలి. ఒక వస్తువును ఉన్నదున్నట్టు, దాని చేష్టలతో సహా, కళ్లకు కట్టేటట్టు చెప్పడాన్ని వాళ్లు వాస్తవికత అనలేదు, అలంకారమన్నారు. దండి దాన్ని అలంకారాల్లో మొదటిదిగా లెక్కించాడు. కుంతకుడు ఒప్పుకోలేదు. వస్తువు స్వభావమే అలంకారమైతే ఇక ఆ అలంకారం దేన్ని అలంకరిస్తుందని నిలదీశాడు. ఆ తగాదాలో ఎవరిది పైచేయి అన్నది వేరే సంగతి. లేగదూడ గెంతులను ఎంత సహజంగా వర్ణించినా అది నగే కావచ్చుననే ఎరుక మాత్రం వాళ్లకుంది. ప్రబంధాల్లో అష్టాదశ వర్ణనలు చదివినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఒక్కో పద్యం అచ్చు చూసినట్టే ఉంటుంది. పద్యాన్ని తీసేస్తే కథకు నష్టం లేదు.

పందొమ్మిదో శతాబ్దపు యూరప్ నవలను చర్చిస్తూ లూకాచ్ 1936లో చేసిన విభజన కూడా ఇదే. జోలా 'నానా'లో గుర్రప్పందెం ఉంది, తోల్‌స్తోయ్ 'అన్నా కరేనినా'లోనూ ఉంది. జోలా వర్ణన నిర్దుష్టం, సమగ్రం; కాని కథతో దాని బంధం పలచన. తోల్‌స్తోయ్ పందెంలో వ్రాన్‌స్కీ గుర్రం పడిపోవడంతో అన్నా బతుకు దారి మారిపోతుంది. ఒకచోట పందాన్ని చూస్తాం, మరోచోట అనుభవిస్తాం. అంతకుముందు 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో ఎంగెల్స్ కూడా వివరాల నిజం ఒక్కటే చాలదనీ, ప్రాతినిధ్యం వహించే పరిస్థితుల్లో ప్రాతినిధ్యం వహించే మనుషులు కావాలనీ అన్నాడు. ఈ మాటలు మనం ఎన్నోసార్లు అప్పజెప్పాం. అప్పజెప్పడం వేరు, చేతిలోని కొత్త వస్తువు మీద వాటిని పరీక్షించి చూడడం వేరు.

పరీక్షించి చూద్దాం. ఆటలోని ఆ పొగను చూస్తున్నదెవరు?

ఈ ప్రశ్న దగ్గరే అసలు గుట్టు ఉంది. డ్రైవరు తన బండి పొగను దాదాపు చూడలేడు. అతను ముందు కూర్చుంటాడు, పొగ వెనక పోతుంది. మహా అయితే పక్క అద్దంలో ఒక నల్లటి తెర. ఆటలో డ్రైవరు సీట్లోంచి చూసే చూపు ఒకటుంది, బండి వెనక గాలిలో వేలాడుతూ చూసే చూపు మరొకటుంది. అభిమాని అంత కష్టపడి చేసిన పొగకు విలువ వచ్చేది ఈ రెండో చూపులోనే. అంటే పొగను ఆస్వాదించాలంటే ఆటగాడు డ్రైవరు సీటు దిగిపోవాలి. లారీ వెనక, నాలుగైదు బారల దూరంలో, రోడ్డుకు కాస్త పైన నిలబడాలి. నిజజీవితంలో ఆ చోటు ఎవరిది? ఘాట్ రోడ్డులో లారీని దాటలేక దాని వెనకే పాకుతూ, తువ్వాలు ముక్కుకు అడ్డంపెట్టుకున్న మోటారుసైకిలు మనిషిది. ఆటోలో వెనక్కి తిరిగి కూర్చున్న కూలి ఆడవాళ్లది. టోల్‌గేటు గదిలో రోజంతా చెయ్యి చాచే ఉద్యోగిది. ఆట మనల్ని సరిగ్గా వాళ్ల చోటులో నిలబెడుతుంది, కాని వాళ్లను అక్కడినుంచి తీసేసి నిలబెడుతుంది. కన్ను అక్కడ ఉంది, ముక్కు లేదు. ఊపిరితిత్తులు లేవు. బాధితుడి చోటులో నిలబడి బాధ లేకుండా చూసినప్పుడు విషం అందంగా కనిపిస్తుంది. ఆ అందాన్నే 'రియలిస్టిక్' అంటున్నాం.

ఆ పొగ తయారయ్యే పద్ధతిలోనే ఈ గుణం ఉంది. పొగ, మంట, దుమ్ములాంటి ఆకారం నిలవని వస్తువులను కంప్యూటరులో చూపడానికి విలియమ్ రీవ్స్ అనే ఆయన 1983లో ఒక పద్ధతిని వివరిస్తూ పత్రం ప్రచురించాడు. అంతకుముందు సంవత్సరం వచ్చిన 'స్టార్ ట్రెక్-2' సినిమాలో ఒక గ్రహం మీద మంటలు వ్యాపించే దృశ్యానికి ఆ పద్ధతి వాడారు. వేలకొద్దీ చిన్న రేణువులను పుట్టించి, ఒక్కోదానికి కొంత వేగం, కొంత రంగు, కొంత ఆయుష్షు ఇచ్చి, ఆయుష్షు తీరగానే మాయం చేస్తారు. ఆటల్లో సాధారణంగా ఈ రేణువు ఒక పల్చటి బొమ్మకాగితం లాంటిది. దానికి వెనకవైపు ఉండదు. ఎటునుంచి చూసినా అది చూసేవాడి వైపే ముఖం తిప్పుకుని ఉంటుంది. కొన్ని క్షణాల్లో లేతబడి కరిగిపోతుంది. రోజంతా నడిపినా ఆ ఆకాశం మాసిపోదు, చెట్ల ఆకులమీద మసి పేరుకోదు. ఎప్పుడూ ప్రేక్షకుడి వైపే తిరిగి ఉండి, ఎక్కడా జాడ మిగల్చని పొగ! రాజాస్థానంలో కవి కూర్చునే పద్ధతి కూడా ఇంచుమించు ఇదే అనిపిస్తుంది నాకు.

అసలు పొగ ఇలా కరిగిపోదు. దాని మసిరేణువులు ఎక్కువభాగం ఒక మైక్రాన్‌కంటే చిన్నవి; కంటికి కనపడకుండా ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లో డీజిల్ పొగను క్యాన్సర్‌కు బహుశా కారణం కాగలిగినదిగా గుర్తించింది. 2012 జూన్‌లో ఆ 'బహుశా'ను తీసేసి, మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. ఆ నిర్ణయానికి ముఖ్యమైన సాక్ష్యం ఎక్కడిది? డీజిల్ యంత్రాలు తిరిగే భూగర్భ గనుల్లో పనిచేసిన కార్మికుల ఆరోగ్య చరిత్రల్లోంచి వచ్చింది. రైల్వేల్లో, లారీల రవాణాలో పనిచేసినవాళ్ల మీద జరిగిన అధ్యయనాలు దాన్ని బలపరిచాయి. ఎవరు శ్రమచేశారో వాళ్ల శరీరాలే రుజువులయ్యాయి. అదే సంవత్సరం అక్టోబరులో మనం మాట్లాడుకుంటున్న ఆట మార్కెట్లోకి వచ్చింది. ఈ రెండు తారీఖులకూ కార్యకారణ సంబంధం లేదు, నేను అంటగట్టడమూ లేదు. ఒకే కాలం ఒకే పొగను రెండు చోట్ల ఎలా చూసిందో చెబుతున్నానంతే.

ఇంకొక పోలిక కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ కంపెనీ కుంభకోణం బయటపడింది. తమ డీజిల్ కార్లను ప్రయోగశాలలో పరీక్షిస్తున్నప్పుడు ఆ సంగతి పసిగట్టి, అప్పటికి మాత్రం విషవాయువులు తగ్గించి, రోడ్డెక్కగానే మళ్లీ వదిలేసే ప్రోగ్రామును ఆ కార్లలో పెట్టారు. ప్రపంచవ్యాప్తంగా సుమారు కోటీ పది లక్షల కార్లు. అవి వదిలిన నత్రజని ఆక్సైడ్లు నల్లటి మేఘంలా కనపడేవి కావు. అది లేని శుభ్రతను పరీక్షకుడికి చూపించే ప్రోగ్రాము. ఇది లేని మురికిని ఆటగాడికి చూపించే ప్రోగ్రాము. మొదటిది నేరం, రెండోది కాలక్షేపం. రెంటినీ ఒకే గాట కట్టడం న్యాయం కాదు. అయినా ఒక సంగతి రెండుచోట్లా కనిపిస్తుంది. పొగ అంటే ఇక్కడ కేవలం కనిపించే తీరు. పీల్చేవాడు లెక్కలో లేడు. ఇక 2014 ప్రాంతంలో పత్రికలకెక్కిన అమెరికా ముచ్చట ఒకటుంది. అక్కడ కొందరు తమ పికప్ బండ్ల ఇంజన్లను మార్పించి, సైకిళ్ల మీద పోయేవాళ్లమీదా, బ్యాటరీ సాయంతో నడిచే కార్లమీదా కావాలని నల్లపొగ వదులుతారు. అదొక దర్పం, ఒక రాజకీయ వెక్కిరింత. పొగ అందంగా కనపడడం మొదలయ్యాక అది దర్పంగా మారడానికి ఎంతో దూరం లేదు.

మా బడిలో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు ఈ ఆటల్లో ఆరితేరినవాడు. వాళ్ల నాన్న లారీ డ్రైవరు. "సార్, మా నాన్నకి మంచి పొగొచ్చే లారీ చూపించానండి. చూసి నవ్వాడండి. 'ఒరేయ్, ఈ బండికి ముందు నాజిళ్లు మార్పించరా, సేటు మైలేజి అడిగితే ఏం చెబుతావు' అన్నాడండి" అని చెప్పాడు వాడు. క్లాసంతా నవ్వింది. లూకాచ్ వ్యాసానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నేనెక్కడా చదవలేదు. కొడుకు చూసిన చోట బలం ఉంది, తండ్రి చూసిన చోట నష్టం ఉంది. నల్లపొగ అంటే కాలకుండా పోతున్న డీజిల్, అంటే డబ్బు. ట్రిప్పు లెక్కల్లో మైలేజి తగ్గితే యజమాని మొదట అనుమానించేది డ్రైవరునే, డీజిల్ అమ్ముకున్నాడని. చెక్‌పోస్టు దగ్గర ఆపి పొగ సర్టిఫికెట్ అడిగితే నిలబడవలసిందీ అతనే. ఎయిర్ ఫిల్టరు మార్చమని నెల రోజులుగా చెబుతున్నా మార్చని యజమాని ఆ సమయంలో రోడ్డుమీద ఉండడు. ఒక నల్లటి మేఘంలో ఇంత కథ ఉంది: యజమాని, డ్రైవరు, మెకానిక్కు, తనిఖీ అధికారి, వెనకొచ్చే మనిషి. ఈ సంబంధాలను తీసేసి మేఘాన్ని మాత్రం మిగిల్చితే దాన్ని ఎంత బాగా గీసినా ఏం లాభం?

ఆట నిర్మాణమే ఈ సంబంధాలను తీసేసేటట్టుగా ఉందని మరిచిపోకూడదు. 'యూరో ట్రక్ సిమ్యులేటర్'లో ఆటగాడు మొదట వేరేవాళ్ల బండి నడుపుతాడు. తర్వాత బ్యాంకు అప్పు, సొంత లారీ, గ్యారేజీ, ఇంకో గ్యారేజీ, చివరికి జీతానికి డ్రైవర్లు. తాను నిద్రపోయినా వాళ్లు సంపాదించి పెడుతుంటారు. కష్టపడ్డ ప్రతి డ్రైవరూ యజమాని అయితీరే ప్రపంచమది. అక్కడ డ్రైవరుగా మిగిలిపోయేవాడి కథకు చోటు లేదు. వేగం మించితే జరిమానా ఉంది, ఎర్రదీపం దాటితే జరిమానా ఉంది, పొగకు జరిమానా లేదు. దారిలో మనుషులు కనిపించినా ఆ పొగకు ముక్కు మూసుకోరు.

ఆటను ఆటగా చూడాలని, హాయిగా ఆడుకునే కుర్రాళ్లమీద ఇంత బరువు ఎందుకని ఒక వాదం వస్తుంది. న్యాయమైన వాదమే. చదరంగంలో ఏనుగు ఏనుగులా లేదని ఎవరూ ఫిర్యాదు చేయరు. కారణం, అది ఏనుగునని చెప్పుకోదు. హాయి మీద నాకేమీ కోపం లేదు. రాత్రి డ్యూటీలు చేసి వచ్చి, తెరమీద ఖాళీ రోడ్డుమీద బండి నడుపుకుని సేదదీరే మనిషిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నా తగాదా 'రియలిస్టిక్' అనే ముద్రతో. ఆ ముద్ర వేసుకున్న మరుక్షణం అది మన వీధిలోకి వచ్చినట్టే. మన కొలతలకు నిలబడాలి.

నిలబడే ఉదాహరణ సాహిత్యంలో కావాలంటే డికెన్స్ 1854లో రాసిన 'హార్డ్ టైమ్స్' చూడండి. కోక్‌టౌన్ పొగగొట్టాల వర్ణన అందరికీ గుర్తుండేదే. కాని ఆ పొగను వాస్తవికం చేసింది వర్ణన ఒక్కటే కాదు. మిల్లు యజమాని బౌండర్‌బీ ఊరికి కొత్తగా వచ్చిన పెద్దమనిషితో ఆ పొగను సమర్థిస్తూ, ఊపిరితిత్తులకు అంత ఆరోగ్యకరమైనది లోకంలో మరొకటి లేదన్నట్టు మాట్లాడతాడు. ఆ మాటతో పొగకు ఒక వైపు ఏర్పడింది. అది ఎవరి ఇంట్లో అన్నంగా మారుతుందో, ఎవరి ఒంట్లో దగ్గుగా మారుతుందో పాఠకుడు తేల్చుకోవలసి వచ్చింది. స్టైన్‌బెక్ 1939లో రాసిన 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్'లో ఇంకా చిన్న వస్తువు ఉంది, లారీకి సంబంధించిందే. రెండో అధ్యాయంలో జైలునుంచి వచ్చిన టామ్ జోడ్ ఒక లారీ ఎక్కించుకోమని అడుగుతాడు. లారీ అద్దానికి ఎవరినీ ఎక్కించుకోరాదని ఒక కాగితం అంటించి ఉంది. అది యజమానుల ఆజ్ఞ. దాన్ని పాటిస్తే తోటిమనిషి దగ్గర చిన్నవాడవుతాడు, పాటించకపోతే ఉద్యోగానికి ముప్పు. ఆ డ్రైవరు ఒక్క క్షణం పడే ఇబ్బందిలో ఆనాటి అమెరికా అంతా ఉంది. ఆ లారీ పొగ ఏ రంగో పాఠకుడికి పట్టదు. ఒక కాగితం ముక్క చేసిన పనిని వెయ్యి పొగమాడ్‌లు చేయలేవు.

అలాగని ఆటలన్నిటినీ ఒకే గాట కట్టను. 'స్పిన్‌టైర్స్', 'స్నోరన్నర్' ఆటల్లో పొగ మెరుగైన స్థితిలో ఉంది. అక్కడ బండి బురదలో దిగబడినప్పుడు, చక్రాలు పట్టు దొరక్క తిరుగుతున్నప్పుడు, ఇంజను మూలుగుతూ నల్లగా కక్కుతుంది. ఆ పొగను చూసి ఆటగాడు యాక్సిలేటర్ మీద కాలు తీయాలో, గేరు తగ్గించాలో, చెట్టుకు తాడు కట్టి లాగించుకోవాలో ఆలోచించుకుంటాడు. పొగ అక్కడ నగ కాదు. మట్టి బరువుకూ, ఇంజను శక్తికీ, మనిషి నిర్ణయానికీ మధ్య జరుగుతున్న పెనుగులాటకు గుర్తు. తోల్‌స్తోయ్ గుర్రంతో పోల్చడం ఎక్కువవుతుంది గాని, కనీసం అది కథలో భాగమైంది. దేనివల్ల పుడుతుందో చెప్పింది. ఎక్కడికి పోతుందో మాత్రం చెప్పలేకపోయింది. చెప్పడానికి ఆ అడవుల్లో, ఆ మంచు మైదానాల్లో మనుషులే లేరు. గ్రామాల ఇళ్లుంటాయి, గిడ్డంగులుంటాయి, తెగిన వంతెనలుంటాయి. బాగుచేసిన వంతెన మీద నడిచే మనిషి ఒక్కడూ కనపడడు. సగం వాస్తవికత అది. సగమైనా గౌరవించదగిందే.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఈ మధ్య మన కథల్లో పొగమాడ్‌లు పెరిగాయి. శ్రామికుడి కథ అనగానే బీడీ వాసన, చెమట మరకలు, నాటుసారా, రెండు మూడు యాసపదాలు, ఒక బూతు. ఇవన్నీ నిజమే. పరిశీలించి రాసినవే. తయారుచేసినవాళ్ల శ్రద్ధను శంకించనక్కర్లేదు. కాని కథకుడు నిలబడిన చోటేది? చాలాసార్లు అతను కూడా ఆ ఆటగాడిలాగే పాత్రకు నాలుగు బారల వెనక గాలిలో వేలాడుతూ ఉంటాడు. చెమటను చూస్తాడు, బత్తా ఎంతో తెలుసుకోడు. యాసను పట్టుకుంటాడు, ఆ యాసలో మాట్లాడే మనిషి యజమాని ముందు ఎందుకు భాష మార్చుకుంటాడో పట్టుకోడు. మాండలికం తెలిసిన రచయిత అని మనం మెచ్చుకుంటాం, పత్రికలూ మెచ్చుకుంటాయి. ఇందులో విమర్శకుల బాధ్యత తక్కువేమీ కాదు. వివరం దొరగ్గానే వాస్తవికత దొరికిందని సంతోషపడే అలవాటు మనమే చేశాం.

ఆ మధ్య ఒక కథల పోటీకి వచ్చిన రాతప్రతులు చదవవలసి వచ్చింది. అందులో రోడ్డు మీద సాగే కథలు రెండున్నాయి. మొదటిదాంట్లో రాత్రి ఘాట్ ఎక్కుతున్న లారీ పొగను ఒకటిన్నర పేజీ వర్ణించారు. ఉపమానాలు బావున్నాయి, హెడ్‌లైట్ల వెలుగులో పొగ రంగులు మారడం కూడా చక్కగా పట్టుకున్నారు. ఆ పేజీన్నర తర్వాత డ్రైవరుకు ప్రేమకథ మొదలవుతుంది, పొగ మళ్లీ రాదు. రెండోది టోల్‌గేటులో పనిచేసే అమ్మాయి కథ. కథనం తడబడింది, మధ్యలో అన్న పెళ్లి గొడవ అనవసరం, ముగింపులో ఆమె ఉద్యోగం మానేసి టైలరింగ్ నేర్చుకోవడం రచయిత్రి తొందర. పొగను ఎక్కడా వర్ణించలేదు. ఒకచోట మాత్రం ఆ అమ్మాయి తల్లి రాత్రి చున్నీ ఉతుకుతూ, బకెట్లో నీళ్లు మూడోసారి మార్చినా నల్లగానే ఉన్నాయని విసుక్కుంటుంది. అమ్మాయి లోపలినుంచి దగ్గుతూ, "ఇంక చాల్లేమ్మా, పొద్దున మళ్లీ అంతేగా" అంటుంది. పోటీలో బహుమతి మొదటి కథకు వచ్చింది. రెండో కథలో వర్ణన చాలలేదని న్యాయనిర్ణేతల్లో ఎక్కువమంది అభిప్రాయపడ్డారు.